దీపాల యుద్ధం

తెలంగాణ కోసం చేసిన సమ్మె ముగిసి బావులు మళ్లీ నడుస్తున్న రోజులవి. మా గోదావరిఖనిలో బొగ్గు గనిని బాయి అంటారు. మా నాన్నను బాపు అంటాం, ఆయన బాయిలో పనిచేసేవాడు. నేను డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. చరిత్ర పేపర్లో ఫాక్లాండ్ ద్వీపాల యుద్ధం తప్పక వస్తుందని మా క్లాసులో అందరూ అనుకున్నారు.

నాకు పైకి చదివితే తప్ప బుర్రకెక్కదు. మా క్వార్టర్‌లో ఉన్నవి రెండే గదులు కాబట్టి నా చదువు ఇంటిల్లిపాదికీ వినపడేది. అర్జెంటీనా సైన్యం దిగి బ్రిటన్ ఏలుతున్న ద్వీపాలను పట్టుకుంది. బ్రిటన్ నౌకాదళం సముద్రాలు దాటి వచ్చింది. రెండు వైపులా యుద్ధనౌకలు మునిగాయి. అమ్మ బడి మొహం చూడలేదు. ఒకనాడు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అడిగింది.

"దీపాల కోసం గంత దూరం పోయి కొట్లాడుడేందే?"

మొదటి షిఫ్టు నుంచి వచ్చి అన్నం తింటున్న బాపుకు నవ్వుతో పొలమారింది. అవి ద్వీపాలని చెప్పబోతే చేత్తో వారించాడు. దీపాల కోసం తమ బాయి మీద రోజూ యుద్ధమేనట. టోపీకి పెట్టుకునే దీపం ఎవరి నంబరుది వాళ్లకే ఇస్తారు, అయినా దీపాలిచ్చే కిటికీ దగ్గర తోసుకోవడం మాత్రం తప్పదట. పైకి రాగానే దీపం తిరిగి ఇచ్చేయాలి, దాన్ని కిటికీ లోపల ఆ నంబరు గూట్లో పెడతారు. గూట్లో దీపం ఉంటే మనిషి పైకొచ్చినట్టు, గూడు ఖాళీగా ఉంటే ఇంకా లోపలే ఉన్నట్టు. ఈ సంగతి అమ్మకు పెళ్లైన నాటి నుంచీ తెలుసు.

ఇక మా ఇంట్లో అది దీపాల యుద్ధమే అయిపోయింది. ఎవరు గెలుస్తున్నారని బాపు డ్యూటీకి పోతూ నన్ను ఆట పట్టించేవాడు. చలిలో గుంటలు తవ్వుకుని కూర్చున్న కుర్ర సైనికుల గురించి చదివిన రోజు మాత్రం నవ్వలేదు. ఆ గుంటల్లోకి అన్నం ఎట్లా పంపారని అడిగాడు. సరిగా అందలేదని పుస్తకంలో ఉన్నదే చెప్పాను.

పరీక్షకు కొద్దిరోజుల ముందు బాయిలో కప్పు కూలింది. కబురు విని అమ్మా నేనూ ఆటోలో పోయాం. బాయి ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. కొందరు బయటపడ్డారని, కొందరు లోపలే ఉన్నారని అనుకుంటున్నారు. నాకు ఏడుపు రాలేదు, భయం కూడా వేయలేదు. నోట్లో మాత్రం పాఠం తిరుగుతూనే ఉంది. గూస్ గ్రీన్ దగ్గర పోరు, కొండల మీద పోరు, స్టాన్లీలో లొంగుబాటు. ఆపుదామన్నా ఆగలేదు.

అమ్మ జనాన్ని తోసుకుంటూ దీపాల కిటికీ దగ్గరికి పోయింది. తిరిగి వచ్చేటప్పటికి ఆమె ముఖం తేటపడి ఉంది.

"మీ బాపు దీపం ఇచ్చిండే. గూట్లనే ఉన్నది. మనల చూడక ఇంటికి పోయినట్టున్నడు. పా, అన్నం పెట్టాలె."

నా చెయ్యి పట్టుకుని ఆటోల వైపు జల్దీ జల్దీ నడిచింది. నేనూ నడిచాను. బాపుతో పనిచేసే, నేను కాకా అని పిలిచే ఒకాయన మాకు ఎదురొచ్చి నిలబడ్డాడు. అప్పుడే పైకొచ్చినట్టున్నాడు, కళ్లు తప్ప అంతా మసి.

"అన్న ఇయ్యలే వదినా ఆ దీపం. మేమే తెచ్చినం."

బాపును దవాఖానకు తీసుకుపోయారని, అక్కడికి పోదాం రమ్మని అన్నాడు. అన్నం వండి పెట్టి వచ్చానని అమ్మ ఆయనకు రెండుసార్లు చెప్పింది.

బాపు దినాలు కాకముందే, అమ్మ పొమ్మంటే పరీక్షకు పోయాను. ఆ ప్రశ్నే వచ్చింది. సైన్యాలు, నౌకలు, దళాలు దిగిన తీరం, చివరి లొంగుబాటు, అన్నీ వరసగా రాశాను. బయటికొచ్చాక స్నేహితురాలు నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆమె ఏడుపు ఆగేదాకా నిలబడ్డాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. దీపాల యుద్ధం వచ్చిందా అని అడిగింది. వచ్చిందన్నాను. చివరికి అవి ఎవరికి దక్కాయని అడిగింది. పోగొట్టుకున్నవాళ్లకే తిరిగొచ్చాయని చెప్పాను.

"దీపాలైతే వాపసొస్తయి బిడ్డా," అంది అమ్మ.