అక్క పెద్ద గోళీ

పోయిన ఆదివారం, గుమ్మడిదల నుంచి వచ్చేవాళ్లకు అక్క గోళీ ఇద్దామని అటక మీది అట్టపెట్టె దింపి తెరిస్తే గుప్పున మిషన్ నూనె వాసన వచ్చింది. ఇన్నేళ్లయినా పోలేదు. మా నాన్న నూనె పెడితే అట్లా ఉండేది మరి.

బొంతపల్లిలో మా ఇంట్లో అప్పట్లో పిల్లలకూ పెద్దలకూ ఒకటే ఆట, అక్క మనసులో ఏముందో కనుక్కోవడం. సుజాతక్కకు పుట్టినప్పటి నుంచీ చేతులు స్వాధీనంలో లేవు, మాట రాదు. వానాకాలం మక్క కంకులు కాలుస్తుంటే ఆ కమ్మటి పొగలో కూర్చుని, లేతది కావాలా ముదురుదా అని నేనడిగేదాన్ని. అక్క కళ్లార్పేది, దానికి అర్థం కూడా నేనే చెప్పేదాన్ని. సద్దుల బతుకమ్మ నాడు నానమ్మ రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి కలిపి మలీద ముద్దలు కట్టి, "పిల్లకు మలీదంటె పాణం" అంటూ మొదటి ముద్ద అక్క నోట్లోనే పెట్టేది. అక్క మొహం తిప్పుకుంటే సిగ్గనుకునేవాళ్లం.

నాన్న పటాన్‌చెరులో లేత్ మిషన్ నడిపేవాడు. అక్కడి ఇంజనీరు ఒకాయన, చేతులు సరిగా రాని తన తమ్ముడు ఒకప్పుడు వాడిన కంప్యూటర్‌ను అక్కకిచ్చాడు. దానికి మౌస్ బదులు పిడికిలంత గోళీ. అరచేత్తో దొర్లిస్తే తెర మీది బాణం అక్షరాల మీదికి కదిలేది, మోచేత్తో పెద్ద బటన్ నొక్కితే అక్షరం పడేది. నా పుస్తకాల్లో చూసి నేర్చుకున్న ఇంగ్లీషు అక్షరాలతోనే అక్క తెలుగు మాటలు కూర్చడం మొదలుపెట్టింది. ఏం రాస్తుందోనని బడి నుంచి పరుగెత్తుకొచ్చేదాన్ని.

అంతలో దసరా వచ్చింది. ఆయుధ పూజకు కార్ఖానాలో చేసినట్టే నాన్న గోళీని తీసి తుడిచి, దాని గుంటలో నూనె పోసి, పసుపు కుంకుమ పెట్టాడు. ఇక అక్క ఎంత దొర్లించినా గోళీ జారిపోతుందే తప్ప బాణం కదలదు. అక్క వెక్కి వెక్కి ఏడ్చింది. "మిషన్‌కు నూనె వెట్టుడు గూడ తప్పేనా" అని గొణుక్కుంటూ నాన్న పండుగ బట్టల్లోనే కూర్చుని, పాత బనీనుతో పొద్దుగూకేదాకా తుడిచాడు. చివరికి బాణం కదిలింది. అక్క ఒక్కో అక్షరమే నొక్కింది, నేను పైకి చదివాను.

"నాకు మలీద నచ్చదు."

అందరం నవ్వాం. నానమ్మ మాత్రం నవ్వలేదు, అక్క గడ్డం పట్టుకుని, "ఇన్నేండ్ల సంది ఎందుకు జెప్పలేదు బిడ్డా" అంది. అనేసి, తనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇప్పుడు నానమ్మ లేదు, మలీద కలిపే చేతులూ లేవు. అక్క ఫోన్‌లో రాస్తే ఫోనే పలుకుతుంది కాబట్టి మా పాత ఆట కూడా పోయింది. కంప్యూటర్ ఎప్పుడో మూలపడ్డా, గోళీ మాత్రం ఇప్పటి కంప్యూటర్‌కు తగిలించి చూస్తే పనిచేస్తోంది. గుమ్మడిదల నుంచి వచ్చిన తల్లి, అక్కలాగే మాట రాని కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, పిల్లకేది ఇష్టమో, ఏది పడదో ఎంతో ప్రేమగా మాకు చెబుతూనే ఉంది. నేను పాప చెయ్యి తీసి గోళీ మీద పెట్టాను. అక్క ఆ తల్లి వైపు చూసింది, ఫోన్ పలికింది.

"జెర ఆగు చెల్లె. పిల్లను చెప్పనియ్యి."