చివరి వరుస రాడ్

2023 ఎండాకాలం. జగిత్యాలలో, కోరుట్లలో ఆడించిన తర్వాత మా ఎగ్జిబిషన్ సిరిసిల్లకు చేరింది. నేను కొలంబస్ ఆపరేటర్ని. కొలంబస్ అంటే ఉయ్యాల లాగా ఊగే పెద్ద పడవ. పది వరుసలు ఉంటాయి. సగం ఇటు, సగం అటు, ఎదురెదురుగా. నడుమ కూర్చుంటే ఊపు తక్కువ. చివరి వరుసలో కూర్చుంటే పడవ పైకి లేచినప్పుడు మనిషి సీటు మీద ఉన్నాడో గాలిలో ఉన్నాడో తెలియదు.

మాది బీర్పూర్. మా నాన్న తాటిచెట్లు ఎక్కేవాడు. నా చదువు పదో తరగతితో ఆగింది. మిగతాది జగిత్యాల గ్రంథాలయంలో సాగింది. ఎగ్జిబిషన్ లేని నెలల్లో పొద్దున తలుపు తీసే వేళకు వెళ్ళి, సైన్సు పుస్తకాల బీరువా దగ్గర కూర్చునేవాణ్ణి. అర్థం కాని పేజీని మూడుసార్లు చదివేవాణ్ణి. అందుకే ఎగ్జిబిషన్‌లో తోటి పనివాళ్ళు నన్ను శీను అనడం మానేసి "ఓ లైబ్రరీ" అని పిలిచేవాళ్ళు. వెక్కిరింపే, అయినా నాకు ఇష్టంగానే ఉండేది.

పడవలో ఒక్కో వరుసకు ఒక లాప్ బార్ ఉంటుంది. కూర్చున్నవాళ్ళ తొడల మీదికి దించే ఇనుప కడ్డీ. మేం రాడ్ అంటాం. దాని కీలు దగ్గర రాచెట్, అంటే పళ్ళ చక్రం ఉంటుంది. రాడ్‌ను కిందికి నొక్కుతుంటే పాల్ అనే చిన్న ఇనుప నాలుక ఒక్కో పన్నులో పడుతూ క్లిక్, క్లిక్ అంటుంది. ఆ నాలుక పడి ఉన్నంతసేపు రాడ్ పైకి లేవదు. నాలుకను ఎత్తితే రాడ్ తనంతట తానే పైకి లేస్తుంది. కనీసం మూడు క్లిక్కులు వినబడాలి. సన్నటి మనుషులకు ఏడెనిమిది పడతాయి.

కోరుట్లలో ఒక కాలేజీ అమ్మాయి చివరి వరుస నుంచి దిగి, "అన్నా, రాడ్ లేచింది" అంది. పెదవులు తెల్లబడి ఉన్నాయి. నేను వెళ్ళి ఆ రాడ్‌ను కిందికి దించి, పైకి గుంజి చూశాను. కదల్లేదు. "భయానికి గట్లనే అనిపిస్తది చెల్లె" అన్నాను. రెండు రోజుల తర్వాత ఇంకొకాయన అదే మాట అన్నాడు. వరుస కూడా అదే. ఆ సాయంత్రం మా వాళ్ళలో ఎవరో ఆ రాడ్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు. నేను నవ్వాను. కానీ విప్పలేదు. కీలు మీది మూత కూడా విప్పలేదు. అన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, నాలుగు బోల్టులు విప్పి చూడలేదు.

సిరిసిల్లలో మూడో రోజు, గేటు తెరిచిన కాసేపటికే ఒకామె తన బిడ్డతో వచ్చింది. పేరు అనసూయ. నలభై అయిదేళ్ళు ఉంటాయి. సాంచల షెడ్డులో, అంటే మరమగ్గాల దగ్గర, నూలు కండెలు చుట్టే పని. చాలా పెద్ద ఒళ్ళు. పడవ మూడుసార్లు ఊగి ఆగేదాకా చూస్తూ నిలబడి, అప్పుడు నా దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, ఉన్నది ఉన్నట్టు జెప్పు. నేను పట్టుతనా గిండ్ల?"

"కూసుంటె తెలుస్తది అక్కా."

"కూసున్నంక దిగుమంటె మల్ల బాగుండదు. పట్నంల పెద్ద పార్కుకు షెడ్డోళ్ళమంత పోయినం. ఎక్కిచ్చి, రాడ్ పడ్తలేదని అందరు జూస్తుండంగ దింపిండ్లు. ఇంటిదాక బస్సుల నోరిప్పలే నేను."

బరువు ఈ పడవకు లెక్క కాదని, రాడ్ మూడో పన్నుదాకా దిగితే చాలని చెప్పాను. నడుమ వరుస చూపించాను. ఆమె తల అడ్డంగా ఊపి, నిమ్మకాయ కట్టిన చివరి వరుస చూపించింది. "ఎక్కుడే ఎక్కుతున్న, చివరకే కూసుంట."

బిడ్డ మౌనిక తల్లి పక్కన కూర్చోబోయింది. నేను ఆపాను. రాడ్ ఇద్దరికీ ఒక్కటే. అది పెద్ద ఒళ్ళున్న మనిషి దగ్గర ఆగిపోతుంది, పక్కన సన్నటి మనిషికి జానెడు ఖాళీ మిగులుతుంది. అందరూ పెద్ద ఒళ్ళున్నవాళ్ళను చూసి భయపడతారు. నిజానికి ప్రమాదం వాళ్ళ పక్కన కూర్చున్నవాళ్ళకు. మౌనికను ముందు వరుసలో కూర్చోబెట్టాను.

"అక్కా, ఎనుకకు ఆనుకో. రాడ్ కడుపు మీద గాదు, తొడల మీద పడాలె."

ఆమె రెండు చేతులతో కడుపు పైకి లేపి పట్టుకుని పకపకా నవ్వింది. "ఏం సిగ్గు! నాదేనాయె. కానియ్యి."

ఒకటి. రెండు. మూడు. ఇద్దరం లెక్కపెట్టాం.

పడవ ఊగింది. మొదట అరిచింది, నవ్వింది. ఊపు పూర్తిగా అందుకున్న తర్వాత ఆమె నోరు మూతపడింది. పైకి పోయిన ప్రతిసారీ ఒడి వైపే చూస్తోంది. నేను పడవ ఆపేశాను. దగ్గరికి వెళ్తే ఆమె పిడికిళ్ళు రాడ్ మీదే ఉన్నాయి.

"ఎక్కినప్పుడు మూడు చప్పుళ్ళు ఇన్న తమ్మీ. పైకి పోయినంక ఒకటి ఎనుకకు పోయింది. గీ రాడ్ నన్ను ఇడిసింది."

మా మేనేజర్ రాజేశం వచ్చి రాడ్ గుంజి చూశాడు. బండలా ఉంది. "రాడ్‌ది ఏం తప్పులేదక్కా. మీ ఒంటికి సరిపోలే, గంతే. శీనూ, గీ అక్కను మల్ల ఎక్కియ్యకు" అన్నాడు. లైన్లో నిలబడ్డవాళ్ళందరికీ వినబడేంత గట్టిగా.

"వంద సాంచలు ఆడుతుంటె ఎక్కడ ఒక్క పోగు తెగినా నాకు ఎరుకైతది" అందామె. "నా తొడ మీది రాడ్ కదిలితె ఎరుకగాదా?"

ఆమె మెట్లు దిగి, బిడ్డ భుజం పట్టుకుని గేటు వైపు నడిచింది.

ఆ రోజు ఇక ఆ వరుసలో ఎవరినీ కూర్చోనియ్యలేదు. కానీ ఆమె మాట నన్ను వదల్లేదు. మా నాన్న చెట్టుకు మోకు చుట్టుకుని, రెండు మూరలు ఎక్కగానే వెనక్కి వాలి, ఒంటి బరువంతా దాని మీద వేసేవాడు. తాడును కళ్ళతో కాదు, నడుముతో చూసేవాడు. మా రాడ్ చివరి పన్నుదాకా దిగినా సన్నటి మనుషుల తొడలను తాకదు. తాకనిది కదిలిందో లేదో వాళ్ళకు ఎలా తెలుస్తుంది? దాన్ని ఒంటితో పట్టి చూసింది ఈమె ఒక్కతే.

మరునాడు మధ్యాహ్నం, గేటు తెరవకముందే, టెస్ట్ రన్ పెట్టాను. పది రాడ్లూ దించి, ఖాళీ పడవను వదిలాను. ఎండ నిలువునా పడుతోంది. మైదానంలో పిట్ట కూడా లేదు. మోటారు చప్పుడు, ఇనుము మూలుగు, అంతే. నాలుగైదు ఊపులు ఏమీ కాలేదు. పడవ పూర్తి ఎత్తుకు లేచినప్పుడు చివరి వరుసలో ఒక క్లిక్ వినబడింది.

రాడ్ ఒక పన్ను పైకి లేచింది.

పడవ కిందికి వచ్చింది. రాడ్ కదల్లేదు. మళ్ళీ పైకి పోయింది. ఇంకో క్లిక్. కంటికి కనబడని మనిషి ఎవరో అక్కడ కూర్చుని, ఇక దిగిపోదామని నెమ్మదిగా రాడ్ లేపుకుంటున్నట్టుంది. ఎనిమిదో క్లిక్కుకు అది నిటారుగా నిలబడింది. దానికి కట్టిన ఎండు నిమ్మకాయ అటూ ఇటూ ఊగుతోంది. వెనక రాజేశమన్న ఎప్పుడొచ్చి నిలబడ్డాడో తెలియదు.

"శీనూ," అన్నాడు మెల్లగా, "మల్లొక్కపారి తిప్పు."

మళ్ళీ తిప్పాను. మళ్ళీ లేచింది. పడవ ఆపి, రాడ్ దించి, పైకి గుంజాను. కదల్లేదు.

అప్పుడు గ్రంథాలయంలో మూడుసార్లు చదివిన పేజీ ఒకటి గుర్తొచ్చింది. ఊగే వస్తువు పైకొసకు చేరినప్పుడు అందులో ఉన్నవాటి బరువు చాలావరకు తేలిపోతుంది. మనిషికి కడుపులో గుల్లయినట్టు అనిపించేది అందుకే. మనిషి తేలితే ఆ చిన్న ఇనుప నాలుక కూడా తేలుతుంది కదా. దాన్ని పన్నులో అదిమిపట్టడానికి ఒక స్ప్రింగ్ ఉండాలి. మూత విప్పాను. స్ప్రింగ్ తుప్పుపట్టి రెండు ముక్కలై ఉంది. నాలుక తన బరువుతోనే పడి ఉంటోంది. నేల మీద ఎంత గుంజినా ఊడదు. పైన, ఎవరూ చూడని చోట, కాసేపు బరువు పోగొట్టుకుని లేస్తోంది.

కోరుట్లలో మేమే తీసుకున్న వీడియో నా ఫోన్లో ఉంది. చాలాసార్లు చూశాను, ముఖాలే చూశాను. ఈసారి చివరి వరుస చూశాను. సన్నటి అమ్మాయిలు ఇద్దరు, రెండు చేతులూ గాలిలోకి లేపి నవ్వుతున్నారు. రాడ్ వాళ్ళ ఛాతీల ముందు ఉంది. ఇద్దరికీ తెలియదు.

రాజేశమన్న వీడియో రెండుసార్లు చూసి చెప్పులు వేసుకున్నాడు. "గా అక్క షెడ్డు ఎక్కడుంటదో అడుగు" అన్నాడు.

సాంచల చప్పుడులో మనిషి మాట మనిషికి వినబడదు. అనసూయ కండె వదలకుండానే మమ్మల్ని చూసింది.

"తప్పైంది అక్కా" అన్నాడు రాజేశమన్న.

"ఆఁ? ఏందో ఇనవడ్తలే!"

"తప్పైందక్కా! రాడ్‌దే తప్పు!"

"గట్టిగ జెప్పుండ్లి, మా వోళ్ళకు గూడ ఇనవడాలె!"

మూడోసారి ఆయన అరిచేసరికి పక్క సాంచల దగ్గరివాళ్ళు కూడా తలలు తిప్పారు. ఆమె నవ్వు ఆపుకుంటోంది.

పది కీళ్ళలోనూ స్ప్రింగులు మార్చి, రెండు రోజులు ఖాళీ పడవను తిప్పి చూశాక, ఆమెను పిలిచాం. మళ్ళీ చివరి వరుసే అడిగింది. మీట రాజేశమన్నకు ఇచ్చి, నేను మౌనికతో ఎదురు కొసన కూర్చున్నాను. అన్నేళ్ళ పనిలో కొలంబస్ ఎక్కడం నాకు అదే మొదటిసారి. మేం కిందికి దిగినప్పుడల్లా ఆమె మా తలల మీద, ఆకాశానికి ఆనుకుని వేలాడుతోంది. నేను చెవులు రిక్కించాను. పైన ఏ చప్పుడూ కాలేదు. నాలుగో ఊపులో ఆమె ఒక చెయ్యి వదిలింది. తర్వాత రెండోది.

దిగాక రాజేశమన్న అడిగాడు, "ఎట్లుందక్కా?"

"గిప్పుడు పట్టుకున్నది. మొన్న పట్టుకున్నట్టు జేసింది."

అంతకుముందు రాడ్ దించాక "భయమైతుందా?" అని అడిగేవాణ్ణి. ఇప్పుడు "పట్టుకున్నదా?" అని అడుగుతాను. పెద్ద ఒళ్ళున్నవాళ్ళు ఒక క్షణం ఆగి, ఒంటితో కనుక్కుని చెప్తారు. వాళ్ళ మాట నాకు రాచెట్ కంటే నమ్మకం. సన్నటివాళ్ళు ఒడి వైపు చూడకుండానే "ఆఁ, పట్టుకున్నది" అంటారు. వాళ్ళు తల వంచి చూసుకునేదాకా నేను ఆ వరుస దగ్గరి నుంచి కదలను.