అద్దెకున్న తమ్ముడు

ఆ రోజుల్లో అనంతపురంలో అద్దెకుండేవాళ్ళే లేరు. నమ్మకం లేకపోతే నేను రాసిన రిజిస్టరు చూడండి. మున్సిపాలిటీలో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. ఏ ఇంట్లో ఎవరు అద్దెకున్నారో నమోదు చేసుకు రమ్మని వీధుల మీదికి పంపారు. అద్దె అని రాస్తే ఇంటిపన్ను పెరుగుతుందని యజమానులకు భయం. అందుకే ఏ తలుపు తట్టినా లోపల చుట్టాలే. ధర్మవరం చీరల వ్యాపారి ఒకాయన, మేడ మీద ఉన్న ముగ్గురూ తన మేనల్లుళ్ళే అన్నాడు. పైకెక్కి అడిగితే ముగ్గురికీ మేనమామ పేరు తెలియదు. (అయినా రాసుకున్నాను. తనకల్లు నుంచి వచ్చినవాణ్ణి, పెద్దవాళ్ళ మాట కాదనడం నాకు చేతకాదు.)

అసలు చిక్కు నా గది దగ్గర వచ్చింది. నేనూ అద్దెకుండేవాణ్ణే. పెళ్ళికానివాడికి ఇల్లివ్వం పొమ్మని నాలుగు వీధుల వాళ్ళు పంపించేశాక, గది ఇచ్చింది మిషనక్క. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది కాబట్టి అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. "అక్కా, నా గదికి ఏం రాయమంటావు?" అని రిజిస్టరు తెరిచాను. ఆమె మిషను ఆపకుండానే, "పొద్దున్నుంచి అక్కా అక్కా అంటానే ఉండావు కదప్పా. అదే రాసుకో," అంది. అద్దె అని రాస్తే గది పోతుందేమోనని నా భయం నాది. పైగా ఆదివారం ఆమె పంపే బిర్యానీ గుర్తొచ్చింది. 'యజమానితో బంధుత్వం' అనే గడిలో 'తమ్ముడు' అని గుండ్రంగా రాశాను.

వారం తిరక్కుండా మా పెద్దసారు తనిఖీకి వచ్చి, సరిగ్గా మా గుమ్మం ముందే ఆగాడు. రిజిస్టరు చూసి, మిషనక్కను చూసి, తర్వాత నన్ను చూశాడు. "అక్క పేరేమో షేక్ మస్తాన్‌బీ. తమ్ముని పేరు వెంకటేశులు. ఇదెట్లప్పా?" అన్నాడు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఆయన ఒక్క ముక్క రాశాడంటే మళ్ళీ తనకల్లు బస్సెక్కడమే. మిషను ఆగింది. "అద్దెకే ఉండాడు సార్. నేనే అట్ల రాయించినా. ఆ పిల్లోనికేం తెల్దు," అంది మిషనక్క. పెద్దసారు ఎర్ర పెన్నుతో 'తమ్ముడు' కొట్టేసి 'అద్దె' అని రాసి, వీధంతా మళ్ళీ తిరిగి రమ్మని నన్ను తరిమాడు. సాయంత్రానికల్లా మేనల్లుళ్ళు ముగ్గురూ అద్దెవాళ్ళయిపోయారు.

ఆ ఏడు మిషనక్కకు పన్ను పెరిగింది. నాకు తల కొట్టేసినట్టయి, "గది ఖాళీ చేస్తానక్కా," అన్నాను. "యాడికి పోతావు? కూచోని తిను," అంది.

ఇప్పుడు నాకూ సొంత ఇల్లుంది, పైన అద్దెవాళ్ళున్నారు, కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయి. పోయిన నెల మిషనక్క కూతురి పెళ్ళికి షాదీఖానాకు వెళితే, గుమ్మంలో పెళ్ళికొడుకు తరఫు పెద్దాయన "మీరేమవుతారు?" అని అడిగాడు. ఉద్యోగం నేర్పిన బుద్ధి కదా, "ఒకప్పుడు వాళ్ళింట్లో అద్దెకుండేవాణ్ణి," అని ఉన్నమాటే చెప్పాను. వెనకనుంచి మిషనక్క గొంతు వినిపించింది. "అబద్ధం చెప్తాండాడు. వాడు మా తమ్ముడు."

నేను కాదనలేదు. పెద్దవాళ్ళ మాట కాదనడం నాకు ఇప్పటికీ చేతకాదు.