కాయిల్ తెగిన ట్వీటర్

దయ్యాల మాట ఎవరెత్తినా "ముందు ఫ్యూజు చూసుకో" అనేవాణ్ణి. నిజామాబాద్‌లో రేడియో రిపేరు షాపు నాది. గోడలో చప్పుళ్లని, ఖాళీ ఇంట్లో మాటలని భయపడి పిలిచినవాళ్ల ఇళ్లకు వెళ్లి, ఊడిన వైరు చూపించి వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. అయినా డెబ్బైల్లో ఒక ఆదివారం పొద్దున జరిగింది చెప్పాలి.

ఆదివారాలు నా షాపులో కూడే మా స్నేహితులందరికీ ట్వీటర్ల పిచ్చి. ట్వీటరంటే స్పీకరు పెట్టెలో సన్నటి శబ్దాలు పలికించే చిన్న స్పీకరు. పాత రేడియోగ్రాముల్లోంచి ఊడదీసినవి తెచ్చి, ఏది బాగా పలుకుతుందో పోల్చేవాళ్లం. కంపెనీ పేరు చూసి మెచ్చుకోకుండా అడ్డంగా దుప్పటి కట్టేవాళ్లం. మైక్‌సెట్లు అద్దెకిచ్చే యూసుఫ్ భాయ్ దుప్పటి వెనక వైర్లు మార్చేవాడు. తప్పు చెప్పినవాణ్ణి నెల రోజులు ఏడిపించేవాళ్లం.

రాజన్న బోధన్ వైపు ఒక చెరుకు మిల్లులో ఫిట్టరు. మాలో అందరికన్నా మంచి చెవి ఆయనది. యంత్రాల మోతకో, వయసుకో, ఆ చెవే మెల్లగా పోయింది. మాటలు వినిపించేవి గానీ సన్నటి శబ్దాలు వినిపించేవి కావు. అప్పుడే ఆయన భార్య సాయవ్వ కూడా పోయింది.

ఆమెది ఒక్క టేపే మిగిలింది. రాజన్న కొత్తగా రికార్డరు కొని మాట్లాడమంటే, సిగ్గుపడి నోరు విప్పలేదట. మైకు ముందు కూర్చుని తన మానాన తాను బీడీలు చుట్టింది. టేపు నిండా గాజుల చప్పుడే, మాట ఒక్కటి లేదు. ఆ గాజులు కూడా రాజన్నకు వినబడకుండా పోయాయి.

ఆ ఆదివారం ఆ టేపు సంచిలో పెట్టుకుని షాపుకు వచ్చాడు. "తమ్మీ, ఏ ట్వీటర్లనన్న నాకు ఇనవడుతదేమో సూడు. లేదంటే ఇగ అడుగ" అన్నాడు.

దుప్పటి కట్టాం. మొదటి ట్వీటర్లో గాజులు నాకు గలగలా వినిపించాయి. రాజన్న తల అడ్డంగా ఊపాడు. రెండోదీ అంతే. మూడోది పెట్టాక నాకేమీ వినిపించలేదు. రాజన్న మాత్రం నిటారుగా కూర్చున్నాడు.

"గిదే. గిది తియ్యకుండ్రి" అన్నాడు.

యూసుఫ్ భాయ్ దుప్పటి పక్కనుంచి తల బయటపెట్టి రమ్మని సైగ చేశాడు. వెళ్లి చూస్తే, పొరపాటున తగిలించింది కాయిల్, అంటే లోపలి తీగచుట్ట, తెగిన ట్వీటరు. మీటరు పెట్టి చూశాను, తెగే ఉంది. అది పలికే ప్రశ్నే లేదు. పాపం, ఆశకొద్దీ అంటున్నాడనుకున్నాను.

నా పాడు బుద్ధి ఊరుకోలేదు. "వినిపించినప్పుడల్లా వేలెత్తన్నా" అని చెప్పి, మీటరును రికార్డరుకు తగిలించాను. టేపులో శబ్దం వస్తే దాని ముల్లు కదులుతుంది. రాజన్న మా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. టేపును ముందుకూ వెనక్కూ తిప్పి, ఎక్కడో మధ్యలోంచి పెట్టాను. గదిలో గాజుల చప్పుడే లేదు. ముల్లు లేచింది, వేలు లేచింది. ముల్లు పడింది, వేలు దిగింది. పదకొండు సార్ల దాకా చూశాను. తర్వాత లెక్కపెట్టడం మానేశాను.

"తెగిందని చెప్దామా?" అని యూసుఫ్ భాయ్ చెవిలో అడిగాను.

"నక్కో భాయ్, వద్దు. ఉండనీ" అన్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

టేపు అయిపోయింది. స్విచ్ ఆపేశాను. ముల్లు సున్నా మీద పడుకుంది. రాజన్న వేలు మళ్లీ లేచింది.

"టేపు అయిపోయిందన్నా" అన్నాను గట్టిగా.

"ఎర్కే తమ్మీ. సప్పుడు చెయ్యకు" అన్నాడు, ఇటు తిరక్కుండానే. "గామె పని ఇంక కాలే."

ముల్లుకూ వేలుకూ అలా ఎలా కుదిరిందో తెలిసినవాళ్లందరినీ అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు, నాకూ తెలియదు. టేపు ఆగాక ఆయన ఏం విన్నాడో మాత్రం ఎవరినీ అడగలేదు. ఆ వేలు దిగేదాకా నేనూ యూసుఫ్ భాయ్ కదలకుండా కూర్చున్నాం.