చెప్పకుండా కలిపిన మాత్ర

నరసరావుపేట బరంపేటలో డాక్టర్ షాహిదా క్లినిక్ పెట్టి పద్దెనిమిదేళ్లయింది. లారీ మెకానిక్ కూతురు. గుంటూరులో ఎంబీబీఎస్ చదివి సొంత ఊరికే వచ్చేసింది. జ్వరం, షుగరు, బీపీ, తేలుకాటు, ఏది వచ్చినా చూస్తుంది. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లకు ఆమె దగ్గర చనువెక్కువ. ఆ చనువే ఆమెను ఒక తప్పులోకి దింపింది.

నకరికల్లు నుంచి కోటమ్మ అనే ఆవిడ వచ్చేది. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు, మిరప వేస్తారు. భర్త శ్రీనివాసరావు మంచి సేద్యగాడే గానీ పొద్దు వాలితే బెల్టుషాపు దగ్గరుంటాడు. కోటమ్మ కనుబొమ్మ మీద షాహిదా రెండుసార్లు కుట్లు వేసింది. రెండోసారి కుట్లు విప్పించుకుంటూ కోటమ్మ అడిగింది.

"తాగినా పడకుండా చేసే మాత్ర ఉంటదంట గదమ్మా. ఆయనకి తెలీకుండా కూట్లో కలిపేది. మా ఆడబిడ్డ చెప్పింది."

అలాంటి మాత్ర ఉంది. అది వేసుకున్న మనిషి మందు ముట్టుకుంటే ముఖం ఎర్రబడి, తల పగిలిపోతున్నట్టయి, వాంతులు పట్టుకుంటాయి. ఆ భయంతో తాగడం మానతాడు. మనిషికి చెప్పి, ఒప్పించి ఇవ్వాల్సిన మాత్ర. చెప్పకుండా ఇచ్చేవాళ్లూ ఉన్నారని షాహిదాకు తెలుసు. కోటమ్మ కనుబొమ్మ వంక చూసి రాసిచ్చింది. పొడి చేసి మజ్జిగలో ఎంత కలపాలో కూడా చెప్పింది.

శ్రీనివాసరావు రెండుసార్లు వాంతులు చేసుకున్నాడు. తన ఒంటికే మందు పడటం లేదనుకుని మానేశాడు. కోటమ్మ సంతోషం పట్టలేక మరో ఇద్దరికి చెప్పింది. రెండేళ్లలో ఆరుగురు ఆడవాళ్లు ఆ మాత్ర రాయించుకుని వెళ్లారు. ఆ ఆరుగురి మొగుళ్లలో నలుగురిని షాహిదా కంటితో కూడా చూడలేదు. అయినా ఆరు కాపురాలు నిలబెట్టానన్న తృప్తి ఆమెకు ఉండేది. ఆ తృప్తితోనే ఈ వైద్యం పద్ధతిగా నేర్చుకోవాలనిపించింది. నలభై ఆరేళ్ల వయసులో అడిక్షన్ మెడిసిన్ కోర్సులో చేరింది. ఏడాది చదువు, ఆదివారం ఆదివారం ఆన్‌లైన్ క్లాసులు, చివర హైదరాబాదులో రాతపరీక్ష, వైవా. ఆమె భర్త మన్సూర్‌కు వినుకొండ రోడ్డులో బ్యాటరీల షాపు. "ఈ వయసులో పరీక్షలేంది షాహిదా?" అన్నాడు గానీ, ఆదివారాలు వంట తనే చూసుకునేవాడు.

మూడో నెలలో, మార్చి మొదటి ఆదివారం, ఆ మాత్ర గురించి పాఠం వచ్చింది.

"ఇది రోగికి తెలియకుండా ఎప్పుడూ ఇవ్వకూడదు," అంది పాఠం చెప్పే ప్రొఫెసర్. తన సర్వీసులో చూసిన ఒక కేసు చెప్పింది. భార్య ప్రేమతోనే అన్నంలో కలిపింది. అతను పెళ్లిలో ఒక గ్లాసు తాగాడు. లోపల గుండెజబ్బు ఉందని ఎవరికీ తెలియదు. పెళ్లిపందిట్లోనే పోయాడు. "కలపడం ఆపినా రెండు వారాల దాకా ఆ మాత్ర ప్రభావం ఒంట్లో ఉంటుంది. అది గుర్తుపెట్టుకోండి."

షాహిదా ఫోనులో కెమెరా ఆపేసింది. చదువుకునే రోజుల్లో ఈ ముక్క ఆమె చదవకపోలేదు. కానీ అప్పుడది పుస్తకంలో ఒక వరుస. ఇప్పుడు ఆరుగురు మనుషులు. ఒక్కరికీ ఈసీజీ తీయించలేదు. కిందటి నెల కోటమ్మ వచ్చినప్పుడు అన్న మాట గుర్తొచ్చింది. "మా ఆయన మిరపకాయ బస్తా ఎత్తితే ఆయాసపడతన్నాడమ్మా." ఈసారి వెంటబెట్టుకు రా అని చెప్పి, ఆ మాట మరిచిపోయింది.

క్లాసు అవకముందే లేచి ఫోన్లు మొదలుపెట్టింది.

మొదటి నంబరుకు మగగొంతు పలికింది. "ఎవరూ?" షాహిదా అబద్ధమాడింది. "క్లినిక్ నుంచండీ. మీ ఆవిడ రిపోర్టు వచ్చింది, ఒకసారి ఫోనివ్వండి." భార్య తీసుకున్నాక గొంతు తగ్గించి చెప్పింది. ఈ రోజు నుంచి కలపొద్దు, పద్నాలుగు రోజులు ఆయన చుక్క ముట్టకుండా చూడు, దగ్గు టానిక్‌లోనూ ఆల్కహాలు ఉంటుంది, అదీ పొయ్యొద్దు.

మాచర్లలో ఉండే రబియా ఏడ్చింది. "ఆపితే మళ్లీ తాగుతాడు డాక్టరమ్మా. ఇన్నాళ్లూ కలిపానని చెబితే నన్ను బతకనిస్తాడా?"

"నువ్వు చెప్పొద్దు. నేను వచ్చి చెబుతా. నేనే ఇచ్చానని చెబుతా."

అనేశాక గానీ ఆ మాట బరువు ఆమెకు తెలియలేదు. ఆరు ఇళ్లకు వెళ్లి, ఆరుగురు మగాళ్ల ఎదుట నిలబడి ఆ మాట చెప్పాలి.

ఐదుగురు దొరికారు. కోటమ్మ ఫోను స్విచ్చాఫ్. పది నిమిషాలకోసారి చేసింది. పదకొండు దాటింది. మన్సూర్ గరిటె పక్కన పెట్టి ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె జరిగిందంతా చెప్పింది. అతను కారు తాళాలు తీసుకున్నాడు. ఆమె క్లినిక్‌లోకి వెళ్లి బీపీ మిషను, సెలైన్ సీసాలు, సూదులు సంచిలో వేసుకొచ్చింది.

నకరికల్లులో కోటమ్మ ఇల్లు తాళం వేసి ఉంది. పక్కింటావిడ అరుగు మీద చింతపండు ఒలుస్తోంది.

"వాళ్లు కల్లం కాడ ఉండారమ్మా. పొద్దున కాయ అమ్మారు. మంచి రేటు పడిందని కూలోళ్లకి మందు తెప్పిచ్చారు."

షాహిదా ఆత్రంగా అడిగింది. "శ్రీనివాసరావు తాగుతున్నాడా?"

"ఆయనకి పడదుగా."

ఊరు దాటి డొంకలో కారు ఎగిరెగిరి పడుతోంది. మిరపకాయల ఘాటుకు మన్సూర్ దగ్గుతున్నాడు. 'మానేశాడు, తాగడు' అని షాహిదా పైకే అనుకుంటోంది. మలుపు తిరగ్గానే పరదా పట్టాల మీద ఎర్రగా ఆరబోసిన కాయలు, బస్తాల నీడన గుంపుగా మగాళ్లు కనిపించారు. ఆమె కారు ఆగకముందే తలుపు తీసింది.

శ్రీనివాసరావు చేతిలో గ్లాసు ఉంది. పక్కన అతని అన్న ఖాళీ సీసా పట్టుకుని నవ్వుతున్నాడు. "ఆ చీప్ మందు పడలేదు గానీ ఇది మంచి సరుకు, పడుద్దిలేరా."

"తాగొద్దు!" అని అరిచింది షాహిదా.

అందరూ తిరిగి చూశారు. గ్లాసు సగం ఖాళీగా ఉంది. శ్రీనివాసరావు ఆమెను గుర్తుపట్టి లేవబోయాడు. అప్పటికే మెడ, చెవులు ఎర్రబడ్డాయి. కళ్లలో నెత్తురు చిమ్మినట్టుంది. "ఏందిరా, తల..." అని కణతలు పట్టుకున్నాడు. భళ్లున వాంతి చేసుకుని, బస్తాల మీద పక్కకు ఒరిగిపోయాడు.

ఆమె పరుగెత్తి అతని పక్కన కూలబడింది. నాడి చేతికి సరిగ్గా అందడం లేదు. బీపీ ఎనభై దాటలేదు. కాళ్లు ఎత్తి బస్తా మీద పెట్టించింది. చేతిలో నరం దొరకలేదు. రెండుసార్లు గుచ్చింది. మూడోసారికి నెత్తురు కనపడింది. మన్సూర్ సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఎవరో 108కి ఫోన్ చేశారు. రావడానికి అరగంట పైనే పడుతుందన్నారు.

అప్పటిదాకా బిగుసుకుపోయిన జనం అప్పుడు కదిలారు. శ్రీనివాసరావు అన్న సీసా వాసన చూశాడు. అదే సీసాలోది తనూ తాగాడు, తనకేమీ కాలేదు. అతని చూపు మెల్లగా కోటమ్మ మీదికి తిరిగింది. ఆమె తాటాకు పందిరి గుంజ పట్టుకుని నిలువునా వణికిపోతోంది.

"ఏం పెట్టావే వాడికి?" అన్నాడు.

అతను రెండడుగులు ముందుకు వేశాడు. ఇద్దరు ఆడవాళ్లు అడ్డం వెళ్లారు.

ఎండదెబ్బ అంటే సరిపోతుంది. షాహిదాకు ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మార్చి ఎండ, మిట్టమధ్యాహ్నం, ఖాళీ కడుపు, ఎవరైనా నమ్ముతారు. ఆ క్షణంలో ఆమెకు కళ్ల ముందు మెదిలింది ఆ రోగి కాదు, పగిలిపోయిన తన క్లినిక్ అద్దాలు. ఆ సంగతి చాలా రోజుల తర్వాత మన్సూర్‌కు చెప్పి ఏడ్చింది.

"ఆమె కాదు," అంది. "నేనిచ్చిన మాత్ర. తాగుడు మాన్పించడానికి. ఆయనకు చెప్పకుండా ఇచ్చాను. తప్పు నాది."

మరుక్షణం అన్న ఒక్క ఉదుటున వచ్చి మన్సూర్ చొక్కా పట్టుకున్నాడు. సెలైన్ సీసా ఊగింది. గొట్టంలో నెత్తురు వెనక్కి ఎగదన్నింది.

"ఆ సీసా కింద పడితే మీ తమ్ముడు దక్కడు," అంది షాహిదా. "నేనెక్కడికీ పోను. అతను బతికాక కొట్టండి."

అతని చేయి చొక్కా మీదే ఉండిపోయింది. కాసేపటికి వదిలాడు. సీసా మన్సూర్ చేతిలోంచి తనే తీసుకుని ఎత్తి పట్టుకున్నాడు. అంబులెన్సు వచ్చేదాకా తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతూనే ఉన్నాడు, చేయి మాత్రం దించలేదు.

నరసరావుపేటలో ఆస్పత్రికి చేరేసరికి బీపీ కాస్త పైకి వచ్చింది. డ్యూటీ డాక్టరుకు షాహిదా మాత్ర పేరు, ఎంత డోసు, ఎన్నాళ్ల నుంచి, అన్నీ దాచకుండా చెప్పింది. ఈసీజీలో ఎప్పుడో వచ్చి తెలియకుండా పోయిన గుండెపోటు గుర్తులు కనిపించాయి. ఆ గ్లాసు పూర్తిగా తాగి ఉంటే ఏమయ్యేదో డ్యూటీ డాక్టరు చెప్పలేదు, ఆమె అడగలేదు.

మూడో రోజు శ్రీనివాసరావు లేచి కూర్చున్నాక షాహిదా అతనికి మొత్తం చెప్పింది. అతను తిట్టలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డ కోటమ్మ వంక చూసి ఒకే మాట అడిగాడు.

"దేంట్లో కలిపేదానివి?"

"మజ్జిగలో."

అతను ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఇంటికి వెళ్లాక కోటమ్మ చేతి అన్నం ముట్టలేదు. అన్న ఇంట్లో తినేవాడు. లేదంటే ఆమె ముందుగా తిని చూపించాలి. కొట్టినప్పుడు కూడా ఇంత భయపడలేదమ్మా అంది కోటమ్మ.

మిగతా ఐదిళ్లకూ షాహిదా వెళ్లింది. ఇద్దరు మగాళ్లు ఇంటి ముందు నిలబెట్టి నోటికొచ్చినట్టు అన్నారు. ఒకతను నవ్వి, అందుకేనా నాకు పడనిది అన్నాడు. రబియా భర్త అక్రం వినేసి మౌనంగా బయటికి వెళ్లిపోయాడు. ఆ మౌనానికి భయపడి రబియాను రెండు వారాలు పుట్టింట్లో ఉంచారు. ఆ పద్నాలుగు రోజులూ షాహిదా ఫోను మోగితే ఉలిక్కిపడేది. కొత్త నంబరైతే మన్సూర్‌నే ఎత్తమనేది. తొమ్మిదో రోజు ఒకతను తాగాడని కబురొచ్చింది. ఆమె వెళ్లేసరికి ముఖం ఎర్రబడి, తలనొప్పితో కూర్చుని ఉన్నాడు. సాయంత్రానికి తేరుకున్నాడు. పదిహేనో రోజు ఉదయం ఆమె ఐదుగురికీ ఫోన్ చేసింది. అందరూ బతికే ఉన్నారు. ఆ పూట క్లినిక్ తెరవకుండా మధ్యాహ్నం దాకా పడి నిద్రపోయింది.

శ్రీనివాసరావు అన్న వైద్య మండలికి ఫిర్యాదు పెట్టాడు. సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. జరిగింది జరిగినట్టు రాసి పంపింది. జవాబు కోసం నెలల తరబడి ఎదురుచూసింది. లైసెన్సు పోతుందేమోనని పుస్తకం తెరిచినప్పుడల్లా అనిపించేది. చదివి ఏం చేస్తానని మూసేసి, మళ్లీ తెరిచేది.

జూలైలో ఒక మంగళవారం శ్రీనివాసరావు ఒంటరిగా క్లినిక్‌కు వచ్చాడు. చిక్కిపోయాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మళ్లీ తాగుతుండా. డాక్టర్లు గుండె పోయిందంటన్నారు. చావంటే భయంగా ఉందమ్మా. మందు మానాలంటే దానికంటే భయంగా ఉంది. ఏదన్నా ఉంటే ఇయ్యి. ఈసారి నాకు చెప్పి ఇయ్యి."

షాహిదా అతనికి గంటసేపు చెప్పింది. ఉన్నట్టుండి మానేస్తే ఏమవుతుందో, చేతులు ఎందుకు వణుకుతాయో, తాగాలనే యావ తగ్గించే మాత్రలు ఏవో, అతని గుండెకు ఏవి పనికిరావో అన్నీ చెప్పింది. ప్రతి మాత్రా అతని అరచేతిలో పెట్టి పేరు పలికించింది. మొదటి వారం ఆస్పత్రిలో ఉంచింది. మూడో రోజు అతనికి లేని పురుగులు కనిపించి దుప్పటి దులుపుకుంటుంటే, తలుపు దగ్గర కోటమ్మ, మంచం పక్కన షాహిదా, ఇద్దరూ కాపలా కూర్చున్నారు. ఆ గండం గడిచింది. తర్వాత రెండుసార్లు జారాడు, రెండుసార్లూ తనే వచ్చి చెప్పాడు. దసరా నాటికి కోటమ్మ వండింది తినడం మొదలుపెట్టాడు, మజ్జిగ మాత్రం ఇప్పటికీ పోసుకోడు.

డిసెంబరులో హైదరాబాదులో వైవా. ఎదురుగా ముగ్గురు ఎగ్జామినర్లు. మధ్యలో ఉన్నాయన అడిగాడు. "భర్తకు తెలియకుండా తాగుడు మాన్పించే మందు ఇమ్మని ఒక భార్య మీ దగ్గరికి వచ్చింది. ఏం చేస్తారు?"

పుస్తకంలో జవాబు ఆమెకు కంఠతా వచ్చు. చెప్పింది. ఆయన తల ఊపి పక్క కాగితం తీయబోయాడు. అక్కడితో ఆగవచ్చు. షాహిదా ఆగలేదు.

"సార్, నేను అలా చేయలేదు. ఇచ్చాను. ఆరుగురికి."

చెప్పడం మొదలుపెట్టాక ఎక్కడా దాచలేదు. కల్లం, సీసా, ఎండదెబ్బ అనబోయిన అబద్ధం కూడా చెప్పింది. ముగ్గురిలో ఒకామె పెన్ను ఆపి వింది. అయిపోయాక మధ్యలో ఉన్న ఆయన ఏదో రాసుకుని, మీరు వెళ్లొచ్చు అన్నాడు. తిరుగు ప్రయాణంలో బస్సు దాచేపల్లి దాటింది. ఫెయిలయ్యానని పక్క సీట్లో ఉన్న మన్సూర్‌తో అంది.

ఫెయిలవలేదు. బొటాబొటి మార్కులతో గట్టెక్కింది. అదే వారంలో వైద్య మండలి కాగితమూ వచ్చింది. కవరు చించే ధైర్యం లేక మన్సూర్‌కు ఇచ్చింది. అతను నిలబడే చదివాడు. గట్టిగా హెచ్చరించి, మరోసారి ఇలాంటిది జరిగితే రిజిస్ట్రేషన్ తీసేస్తామని రాశారు.

"ఉంచారు," అన్నాడు మన్సూర్.

షాహిదా ఆ కాగితం తీసుకుని తను మళ్లీ రెండుసార్లు చదివింది. బయట నలుగురు రోగులు కూర్చుని ఉన్నారు. ముఖం కడుక్కుని వచ్చి, మొదటి ఆయన్ని లోపలికి పిలవమని నర్సుకు చెప్పింది.