నీళ్ళలోనే ఉన్నాయని చెప్పాను

నాలుగేళ్ళుగా ఒక మాట నా లోపల ఉంది. చాలా చిన్న మాట. చెప్పడానికి ఒక్క ఊపిరి కూడా పట్టలేదు. మోయడానికి మాత్రం రోజూ పొద్దున్నే లేచి దాన్ని మళ్ళీ ఎత్తుకోవలసి వస్తోంది. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. నన్ను ఎరిగినవాళ్ళకు చెప్పాలంటే చెబుతున్నంతసేపూ వాళ్ళ ముఖం చూడాలి. అది నావల్ల కాదు.

నేను పళ్ళ మీద పనిచేస్తాను. తమిళనాట, రాజపాళయంలో ఒక పళ్ళ ఆసుపత్రి వెనకవైపు చిన్న పరిశోధనశాల ఉంది. అక్కడికి పీకిన పళ్ళు వస్తాయి. పుచ్చినవి కాదు, నోట్లో చోటు చాలక తీసేసిన మంచి జ్ఞానదంతాలు. వాటిని కడిగి, పైభాగం సమంగా కోసి, పుచ్చుపళ్ళలో నింపే పదార్థాన్ని వాటి మీద అతికిస్తాం. తర్వాత సన్నని పుల్లల్లా కోసి, యంత్రానికి బిగించి లాగుతాం. ఎంత బలానికి అతుకు ఊడిందో యంత్రం చూపిస్తుంది. నేను రాసుకుంటాను. మాట్లాడే పని తక్కువ. అందుకే ఆ పని నాకు నచ్చింది.

ఆ పనికి ఒక పెద్ద నియమం ఉంది. పీకిన పన్ను ఎండకూడదు. పుట్టినప్పటి నుంచీ తడిలో బతికిన వస్తువు అది. ఎండితే లోపల కంటికి కనిపించని బీటలు పడతాయి. మళ్ళీ నీళ్ళలో వేస్తే చూపుకు మామూలుగానే ఉంటుంది, కాని దాని మీద చేసిన పరీక్షను నమ్మడానికి లేదు. అందుకని వాము వాసన వేసే మందు కలిపిన నీళ్ళలో వాటిని ఉంచుతాం. నేను చేరిన రోజు డాక్టరమ్మ నేర్పిన మొదటి సంగతి ఇదే.

డాక్టరమ్మ అంటే మా పరిశోధనశాల పెద్ద. మాలాగే ఈ ఊరి తెలుగింటి మనిషి. వారానికొక రోజు చోళపురంలాంటి పల్లెలకు వెళ్ళి, బడి వరండాలో కుర్చీ వేసుకుని మిల్లు కూలీల పళ్ళు చూస్తారు. ఎన్నో ఏళ్ళుగా అక్కడ ఆమె వాడింది పాతరకం సిమెంటు. పొడినీ ద్రవాన్నీ చేత్తో కలిపి పెట్టే రకం. నోరు కాస్త తడిగా ఉన్నా అది సర్దుకుంటుంది. ఆ ఏడాది కొత్త పదార్థం ఒకటి వచ్చింది. దానికి పన్ను బాగా ఆరి ఉండాలి, నీలిరంగు దీపం వేసి గట్టిపరచాలి. కొత్తదాని అతుకు పాతదానికన్నా చాలా గట్టిగా ఉంటే పల్లెలకూ అదే తీసుకుపోవాలి, లేకపోతే పాతదే చాలు. అది తేల్చే పరీక్షను నా చేతికి ఇచ్చారు. పదిహేను పళ్ళు పాత సిమెంటుకు, పదిహేను కొత్తదానికి. రెండు గాజు గిన్నెలు. రెంటిలోనూ నీళ్ళు.

పాత సిమెంటు గిన్నె మూత నా చేతిలోనే జారి పగిలింది. మరునాటి నుంచి మూడు రోజులు నాకు సెలవు. తళవాయిపురంలో మా అక్క బిడ్డకు చెవులు కుట్టే వేడుక. బస్సుకు టైమైంది. గిన్నెను అలా తెరిచి వదిలి పోలేను.

మా నాన్న ఆసుపత్రులకు పోయే బ్యాండేజీ గుడ్డ నేసే చోట పనిచేస్తాడు. మా ఇంట్లో ఆ గుడ్డ ముక్కలు లేని మూల లేదు. మంచి గుడ్డో కాదో చూడటానికి నాన్న ఒక ముక్కను గ్లాసు నీళ్ళలో వేసి, అది మునిగేదాకా నా చేత అంకెలు లెక్కపెట్టించేవాడు. ఎంత త్వరగా నీళ్ళు తాగి మునిగితే అంత మంచి గుడ్డ. బడికి పోకముందే నేను ఆ లెక్క నేర్చుకున్నాను.

ఆ రోజు నా సంచిలోనూ ఒక పొడుగాటి ముక్క ఉంది. దాన్ని తడిపి, పళ్ళకు తగిలేలా గిన్నెలోకి దించి పైన కప్పాను. పగిలిన మూతకన్నా ఇదే నయమని మురిసిపోయాను కూడా. గుడ్డ కొస ఒకటి గిన్నె అంచు దాటి సింకులోకి వేలాడింది. చూశాను. చూసి కూడా బస్సుకు పరుగెత్తాను.

అది మంచి గుడ్డ. లోపలి నీళ్ళను పీల్చుకుని, అంచు ఎక్కించి, చుక్కచుక్కగా సింకులోకి దించేసింది. నాలుగో రోజు వచ్చేసరికి గిన్నె అడుగు పొడిగా ఉంది. గుడ్డ ఆరి అప్పడంలా బిరుసెక్కింది. పళ్ళు సుద్దముక్కల్లా తెల్లబడ్డాయి. ఒకదాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాను. పక్కన వెంట్రుకంత గీత. ఆ గుడ్డ గుణం నాకు తెలిసినంతగా ఆ ఆసుపత్రిలో ఇంకెవరికి తెలుసు? అయినా ఆ తప్పు చేసింది నేనే. బహుశా ఆ గుడ్డను చూసి మురిసిపోయిన మనిషి మాత్రమే చేయగల తప్పు.

ఇంతవరకూ జరిగింది పొరపాటు. నేను మోస్తున్న బరువు అది కాదు. ఆ తర్వాత నా చేతులు చేసిన పని చెబుతాను. ముందు గుడ్డను సంచిలో దాచాను. ఆ తర్వాతే పళ్ళ మీద నీళ్ళు పోశాను. ఈ వరస నాకు బాగా గుర్తుంది. పళ్ళు బతుకుతాయేమో అన్న ఆత్రం ముందు రాలేదు. నేను దొరకకూడదన్న ఆత్రమే ముందు వచ్చింది.

ఎందుకు చెప్పలేదు? మంచి పళ్ళు మళ్ళీ పదిహేను కూడాలంటే ఆరు నెలలు పడుతుంది, నిజమే. డాక్టరమ్మ ఒక్క కసురు కసిరి, సరే మళ్ళీ మొదలుపెట్టు అనేవారు, అదీ నిజమే. కొట్టేవారు కాదు, పొమ్మనేవారు కాదు. నేను సిగ్గరిని, నోరు పెగలదు అని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కాని అబద్ధం చెప్పవలసి వచ్చినప్పుడు నా నోరు ఎంత చక్కగా పెగిలిందో మీరే చూడండి.

పరీక్ష అయిపోయింది. కొత్తదాని అంకెలు బాగున్నాయి. పాత సిమెంటువి చాలా కిందికి పడిపోయాయి. కొన్ని పుల్లలు యంత్రం దాకా పోకుండానే చేతిలో విడిపోయాయి. డాక్టరమ్మ నోట్‌బుక్కును దగ్గరికి లాక్కుని, కళ్ళజోడు పైకి తోసి, చాలాసేపు చూశారు.

“ఏమ్మా, ఇంత తక్కువ వచ్చినాయే? మిషను సరిగా బిగించినావా?”

“బిగించినాను డాక్టరమ్మా.”

“ఈ సిమెంటు చోళపురంలో ఎంతమందికి పెట్టినానో తెలుసునా? మిల్లు ఆడోళ్ళు వక్క నమిలేది దాంతోనే. నా మీద కోపమొచ్చి పల్లు కొరికినా, కొరికేది నేను పెట్టిన సిమెంటుతోనే!” నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆ నవ్వు ఆగింది. “రాయి మాదిరి నిలిచినాది అక్కడ. ఇక్కడేమి ఇట్లా అయినాది? పల్లు అన్నీ నీళ్ళలోనే ఉండినాయా? ఒక్క పూటైనా ఎండలే కదా?”

“ఆమా డాక్టరమ్మా. నీళ్ళలోనే ఉండినాయి.”

తడబడలేదు. అవును అనడానికి మా ఊళ్ళో అందరం అనే ఆ తమిళ మాట నా నోట అంత తేలిగ్గా ఎప్పుడూ రాలేదు.

ఆమె నా ముఖంలోకి చూశారు. అనుమానంతో కాదు. అదే నన్ను తినేది.

“సరి. నువ్వు చెప్పితే సరి. ఇన్నేండ్లు నేను నమ్మినానని ఏమి? నంబరు చెప్పేదే నిజము. నా పిచ్చి కోసరం వాళ్ళ నోట్లో మట్టమైనది, నాసిది పెట్టరాదు.”

ఆ నెల నుంచి పల్లెలకు పాత సిమెంటు పోలేదు. ఆమె తన చేతులకు తెలిసినదాన్ని నా అంకెల కోసం వదులుకున్నారు. నిజాయితీ ఉన్న మనిషి కాబట్టే వదులుకున్నారు. మొండి మనిషి అయివుంటే నా అబద్ధం ఆ నోట్‌బుక్కులోనే ఆగిపోయేది.

ఆ వేడుక రోజుల గురించి నా డైరీలో రెండు పేజీలున్నాయి. పాప ఏడుపు, మామయ్య ఒళ్ళో కూర్చోబెట్టడం, నేను చదువుతున్న పుస్తకంలోని ఒక వాక్యం. తిరిగొచ్చిన రోజు కింద ‘పని ఎక్కువ, తలనొప్పి’ అని ఉంది. ఎవరూ చూడని డైరీలో కూడా అబద్ధం రాసుకున్నాను. ఎవరి కోసం?

ఏడాది తిరక్కముందే చోళపురం నుంచి రామక్క వచ్చింది. మిల్లులో నూలు చుట్టే పని. దవడ వాచి, తలకు తువ్వాలు కట్టుకుని, పన్నులోంచి ఊడిపోయిన కొత్త పదార్థం ముక్కను కాగితంలో మడిచి తెచ్చింది. డాక్టరమ్మ లోపల ఉన్నారు. నేను చీటీ రాయడానికి బయట కూర్చున్నాను.

“చూడు పాపా, నీలి లైటంతా వేసి పెట్టినారు. సామికి హారతి ఇచ్చినట్టు ఉండె. మురుకు కొరికితిని, ఊడి చేతికి వచ్చినాది. వెంటనే రావల్ల అనుకుంటి, షిఫ్టు మారలే, ఏమి చేసేది?” నొప్పిలోనే నవ్వబోయి దవడ పట్టుకుంది. “ఈ పక్క పాతది చూడు, మా చిన్నోడు పుట్టినప్పుడు పెట్టినది. వాడు పదో క్లాసు. అదే పెట్టమని చెప్పు, నువ్వు చెప్పితే వింటాదంట మీ డాక్టరమ్మ.”

నేను చీటీ మీదికి వంగి ఆమె పేరు రాశాను. రాసిందే మళ్ళీ దిద్దాను.

పన్ను నిలబెట్టడానికి వీల్లేకపోయింది. పీకారు. పోతూ పోతూ ఆమె ఆ పన్నును దూదిలో పెట్టి నా బల్ల మీద ఉంచింది. “మీకు పల్లు కావల్ల అంటారే, తీసుకో. నా నోట్లో ఉండి చెడినాది, మీ దగ్గరైనా చదువుకోనీ.”

అది ఏ పరీక్షకూ పనికిరాని పన్ను. సగం పుచ్చిపోయింది. పారేయలేదు. వేరే చిన్న సీసాలో వేశాను. ప్రతి సోమవారం దాని నీళ్ళు మారుస్తాను. ఎందుకు మారుస్తున్నావని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు. ఎవరూ అడగలేదు. కొన్నిసార్లు పని మధ్యలో ఆ సీసా వైపు చూడకుండా ఉండటమే ఒక పని అయిపోతుంది. రామక్క తర్వాత కొత్తది ఊడినవాళ్ళు ఇంకొందరు వచ్చారు. ముగ్గురు, నలుగురు. ఒక దశలో లెక్కపెట్టడం మానేశాను. లెక్కపెట్టడం నా ఉద్యోగమే అయినా.

పల్లెలో లాలాజలం లాగే యంత్రం లేదు, వరండాలో గాలి, దుమ్ము, నోరు ఆరదు. అందుకే కొత్తది ఊడి ఉంటుంది. నా అంకెలు నమ్మిన డాక్టరమ్మకు మాత్రం పాతదైతే ఇంకా ముందే ఊడేదనిపించి ఉంటుంది. పాత సిమెంటు పెట్టి ఉంటే రామక్క పన్ను నిలిచేదా? తెలియదు. ఆ మాట చాలాకాలం నాకు దిండులా ఉపయోగపడింది. తెలియదు, తెలియదు అనుకుంటూ దాని మీద తల పెట్టుకునేదాన్ని. కాని తెలుసుకోవడానికే కదా ఆ పరీక్ష? తెలుసుకునే దారిని నేనే పాడుచేసి, ఇప్పుడు ‘తెలియదు’ అనే మాట చాటున కూర్చోవడం ఎలాంటి పని? నాకు తెలియకుండా ఉండే హక్కు ఎక్కడిది?

పోయిన వారం కొత్తగా చేరిన విద్యార్థినులను డాక్టరమ్మ నా బల్ల దగ్గరికి తీసుకొచ్చారు. నా భుజం మీద చెయ్యి వేసి, “ఈ పాప దగ్గర నేర్చుకోండి. ఇన్నేండ్లలో ఈమె చేతిలో ఒక్క పల్లు ఎండలే,” అన్నారు. వాళ్ళు తలలూపి రాసుకున్నారు. ఒకామె నా పేరు కూడా రాసుకుంది. నా నోరు ఎండిపోయింది. నీళ్ళు తాగి వస్తానని చెప్పి బయటికి నడిచి, కుళాయి దగ్గర ఊరికే నిలబడ్డాను. తాగలేదు.

ఇవాళ శనివారం. మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయాక పాత నోట్‌బుక్కు తీశాను. అందులో తప్పు రాస్తే రబ్బరుతో చెరపకూడదు, కాగితం చించకూడదు. కింద ఉన్నది కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన కారణం రాసి, సంతకం చేయాలి. పాత సిమెంటు పుల్లల అంకెలన్నిటి మీదా ఒక్కొక్క గీత కొట్టాను. స్కేలు పెట్టి కొట్టాను. పక్కన ఇంగ్లీషులో రాశాను. నేను లేని మూడు రోజుల్లో ఈ పళ్ళు నీళ్ళు లేక ఎండాయి. నాకు తెలుసు. అడిగినప్పుడు అబద్ధం చెప్పాను.

ఎక్కువ రాయలేదు. క్షమించమని రాయలేదు. రాస్తే ఆమె జవాబు చెప్పవలసి వస్తుంది. ఆ భారం కూడా ఆమె మీద ఎందుకు? రామక్కకు ఏం చెప్పాలో ఇంకా తోచలేదు. పన్ను తిరిగి ఇవ్వలేను. ఆమె నవ్వి ఏదో ఒక మాట అనేస్తుంది, ఆ నవ్వు తలచుకుంటేనే భయంగా ఉంది.

నోట్‌బుక్కును డాక్టరమ్మ బల్ల మీద, ఆ పేజీ తెరిచే ఉంచి వచ్చాను. సోమవారం చూస్తారు. ఆ తర్వాత ఏమవుతుందో తెలియదు. ఈసారి నిజంగానే తెలియదు.

ఇంటికొచ్చి ఇది తెలుగులో రాస్తున్నాను. మేమంతా ఇంట్లో తెలుగే మాట్లాడతాం, కాని బళ్ళో నేర్చింది తమిళం. మా ఇంట్లో తెలుగు అక్షరాలు చదవగలిగేది మా అవ్వ ఒక్కతే, నాకు నేర్పి పోయింది. నా డైరీ కూడా ఈ అక్షరాల్లోనే, దానికి తాళం వేయవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. మీరు మాత్రం చదవగలరు. చదివి నన్ను తేలిగ్గా చూడకండి, బరువుగానూ చూడకండి. ఇంతసేపు ఉన్నారు, చాలు. గుండె తేలికైందని చెప్పను. మూసి పెట్టిన గదికి కిటికీ తీసినట్టు ఉంది. లోపల ఉన్నది అలాగే ఉంది.

ఇక్కడ నా పేరు రాయడం లేదు. అక్కడ రాశాను.