ఆవు ఈనిన సోమవారం

మా తోడికోడలు ధనలక్ష్మి చేతులు చూస్తే బతుకమ్మ పండుగ దగ్గరపడిందని తెలిసిపోతుంది. ఆ రోజుల్లో ఆమె వేళ్లు గులాబి రంగులోనో నీలం రంగులోనో ఉంటాయి. బట్టలుతికినా పోదు, అంట్లు తోమినా పోదు. గునుగుపూల కొసలు రంగునీళ్లలో ముంచీ ముంచీ అట్లా అవుతాయి. ఇటిక్యాల మండలంలో మా ఊరి ఆడవాళ్లను ఎవరినడిగినా, బతుకమ్మ పేర్చాలంటే ధనలక్ష్మే పేర్చాలంటారు. అడిగినా చెప్పని సంగతి ఇంకొకటుంది. ఆ ధనలక్ష్మికి సొంత బతుకమ్మ లేదు. పెండ్లయి వచ్చిన నాటి నుంచి మా గడప ముందు ఒక్కసారి కూడా పెట్టలేదు.

ఎందుకంటే మా ఇంటికి ఆ పండుగ పోయింది. మా మామ వాళ్లమ్మ సరిగ్గా తొమ్మిది రోజుల పండుగలో ఆఖరిదైన సద్దుల బతుకమ్మ నాడే చనిపోయిందట. పండుగ నాడు ఇంట్లో మనిషి పోతే ఆ పండుగ ఆ ఇంటికి ఇక లేనట్టే. తిరిగి రావాలంటే మళ్లీ అదే పండుగ నాడు ఆ ఇంట్లో బిడ్డ పుట్టాలి, లేదంటే కొట్టంలో ఆవన్నా ఈనాలి. ఈ లెక్క ఎవరు పెట్టారో నాకు తెలియదు. పోయిన ముసలమ్మ పోయింది, బతికున్న ఆడవాళ్లం చేతులు కట్టుకుని ఎందుకు కూర్చోవాలని నేను కోడలిగా వచ్చిన కొత్తలోనే అడిగాను. మా అత్త జమ్ములమ్మ నన్ను కిందికీ మీదికీ చూసి, నీ పుట్టింట్లో ఏమన్నా నేర్పి పంపారా లేదా అంది. ఆ తర్వాత నేను అడగలేదు, కానీ ఆ మంట మాత్రం ఏటా భాద్రపదం రాగానే మొదలవుతుంది.

చెప్పుకుంటే నవ్వు వస్తుంది. వానలు తగ్గగానే ధనలక్ష్మి ఇల్లంతా బూజు దులుపుతుంది, గోడలకు సున్నం వేస్తుంది, అరుగులకు ఎర్రమట్టి పూసి అంచుల వెంట తెల్లటి గీతలు దిద్దుతుంది. గడపకు ఆమె వేసే తామరలు చూసి దారిన పోయేవాళ్లు ఫోన్లలో ఫొటోలు తీసుకుపోతారు. ఇంత ముస్తాబు చేస్తే పండుగ మాత్రం పక్కింట్లో దిగుతుంది. మా వాకిట్లో తంగేడు రెమ్మ పెట్టినా అత్త ఊరుకోదు. అందుకని గునుగు ఎండబెట్టడం, రంగు ముంచడం అంతా పక్కింటి రాధమ్మ వాకిట్లో. ఇతరుల ఇంట్లో పేర్చవచ్చట, వాళ్లతో కలిసి ఆడవచ్చట, మన గడప ముందు మాత్రం పెట్టకూడదట. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదంటారే, దానికన్నా ఇది ఒక మెట్టు ఎక్కువ.

ధనలక్ష్మి పుట్టిల్లు ఆత్మకూరు దగ్గర. అక్కడ వాళ్ల మేనత్త దగ్గర నేర్చుకుందట. అడుగున గుమ్మడాకులు పరిచి, చుట్టూ తంగేడు, దాని మీద గునుగు, బంతి, మళ్లీ గునుగు. వరుస వరుసకూ నడుమ ఆకులూ కాడలూ కూరి అరచేత్తో గట్టిగా అదుముతుంది. అందుకే ఆమె పేర్చింది కాలువ దాకా మోసినా ఒరగదు. కానీ తాంబాళం ఎత్తుకునే వేళకు ఆమెను అందరూ పక్కకు జరగమంటారు. ఫొటోలో రాధమ్మ, రాధమ్మ చెల్లెలు, వాళ్ల పట్టుచీరలు. ధనలక్ష్మి అక్కడే చీపురు పట్టుకుని రాలిన ఆకులు ఊడుస్తూ ఉంటుంది. నాకు ఒళ్లు మండిపోయేది. ఆమెకు మండేది కాదు, అదే నాకు ఇంకా మంట.

మండేది కాదనుకున్నది నేను. లోపల ఎంత ఉందో నా కాన్పప్పుడు తెలిసింది. నా కూతురు సింధూజ సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు గద్వాల దవాఖానలో పుట్టింది. నేను నొప్పులతో సగం చచ్చి పడి ఉంటే, ధనలక్ష్మి పిల్లను చేతిలోకి తీసుకుని, రెండు దినాలు ఆగితే ఏం పోతుండె తల్లీ అని దాని చెవిలో అంది. పక్కన అత్త కూడా గోడ మీద క్యాలెండర్ చూస్తూ నిట్టూర్చింది. నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. నెలరోజులు ఇద్దరితోనూ సరిగా మాట్లాడలేదు. తర్వాత తర్వాత తెలిసింది, అత్త కూడా పెండ్లయిన కొత్తలో రెండేండ్లు ఈ గడప ముందు బతుకమ్మ పేర్చిందని, పండుగ పోయాక తన కాన్పులన్నిటికీ ఇట్లాగే క్యాలెండర్ చూసిందని.

బిడ్డల వల్ల కాలేదు కాబట్టి ధనలక్ష్మి ఆవును పట్టుకుంది. మా ఎర్రావు ఎదకు వస్తే, ధనలక్ష్మి మొగుడు, మా బావ, డాక్టరును పిలిచి చూలు సూది వేయిద్దామంటే, ఈమె వద్దంది. వచ్చే నెల వేయిద్దాం, అప్పుడైతే దసరా ముందర ఈనుతుందని వేళ్లు మడిచి లెక్కచెప్పింది. నెలరోజుల పాలు పోతాయని బావ చిందులు తొక్కాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని ఊరంతా చెప్పి నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆ మరుసటి ఎదకే సూది వేయించింది, ఆవు చూలు కట్టింది. ఆ నాటి నుంచి దానికి జరిగిన సేవ మా కాన్పులకు కూడా జరగలేదు.

ఈ ఏడు గోడ మీది క్యాలెండర్‌లో సద్దుల బతుకమ్మ సోమవారం పడింది. టీవీలోనూ సోమవారమే చెప్పారు. ఆదివారం మధ్యాహ్నానికి ఆవు పొదుగు నిండింది, మేత మానేసింది. ధనలక్ష్మి కొట్టం వదిలి రాలేదు. మొహం చూస్తే పదేండ్ల వయసు తగ్గినట్టుంది. సరిగ్గా పొద్దు గూకే వేళ గుడి మైకులో అయ్యగారు గొంతు సవరించుకున్నాడు. అష్టమి ఘడియలు కుదరలేదు కాబట్టి మన ఊరిలో సద్దుల బతుకమ్మ మంగళవారం అన్నాడు. గద్వాలలో సోమవారం, పక్క ఊరిలో సోమవారం, మా ఊరిలో మాత్రం మంగళవారం. ఆ మైకును పీకి బావిలో వేయాలనిపించింది నాకు.

సోమవారం పొద్దున ధనలక్ష్మి ఆవు పక్కన కూర్చుని దాని వీపు నిమురుతూ, రేపటిదాకా జర ఆగవే అని బతిమాలుతుంటే చూడలేకపోయాను. ఆవు ఆగుతుందా? పగటి అన్నాల వేళ దాటగానే ఈనింది. ఎర్రటి పెయ్యదూడ, నుదుటి మీద తెల్లమచ్చ. బావ సంబరంగా బెల్లం తెచ్చాడు. ధనలక్ష్మి మాత్రం కొట్టంలోనే నేల మీద చతికిలపడి ఏడ్చింది. పది నెలలు కాచుకున్నది ఒక్క పూటలో చేజారిపోయిందన్న ఏడుపు అది. అప్పుడే మా చెల్లెలు గద్వాల నుంచి ఫోన్ చేసింది. వెనక పూలు పేర్చేవాళ్ల పాటలు వినిపిస్తుంటే ఫోన్ కట్టేశాను.

ధనలక్ష్మి మొహం కడుక్కుని అత్త ముందుకు వచ్చి నిలబడింది. ఎన్నడూ అత్తకు ఎదురుగా నిలబడిన మనిషి కాదు.

"ఈ దినమే సద్దులు అత్తా. క్యాలెండర్ల ఉన్నది. ఆవు ఈ దినమే ఈనింది. నేను బతుకమ్మ పెడ్త."

"ఊరు ఆడే దినమే పండుగ," అంది అత్త. "మనకు ఇది ఒట్టి సోమవారం."

"అయ్యగారు ఊరికి చెప్పిండు గాని ఆవుకు చెప్పలె గద."

అత్త, ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని గొణిగి లోపలికి పోయి మంచం మీద పడుకుంది. వద్దని మాత్రం అనలేదు.

పూలు ఎక్కడివి? రంగు వేసిన గునుగంతా రాధమ్మ వాకిట్లో ఉంది, అది వాళ్లది. ధనలక్ష్మీ నేనూ సంచి పట్టుకుని చేను గట్లకు పోయాం. పత్తిచేలల్లో గడ్డిమందు కొట్టీ కొట్టీ గునుగన్నదే లేకుండా పోయింది. కాలువ కట్ట పొడుగునా వెతికితే ఇంత దొరికింది. తంగేడు మాత్రం బాగానే ఉంది. రంగు వేసేంత పొద్దు లేదు. ఊరందరికీ రంగురంగుల బతుకమ్మలు పేర్చిన మనిషి, తన గడప ముందు మొట్టమొదట పెట్టుకున్నది తెల్ల గునుగుతో మోకాలి ఎత్తు కూడా లేని చిన్న బతుకమ్మ. మీద ఒక గుమ్మడి పువ్వు పెట్టింది. చుట్టూ తిరగడానికి ఆమె, నేను, సింధూజ. ముగ్గురితో గుండ్రం ఎక్కడ కుదురుతుంది? అయినా తిరిగాం. దారిన పోయే ఆడవాళ్లు ఆగి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పోయారు. నాకు తల కొట్టేసినట్టుంది. ధనలక్ష్మి ఎవరినీ చూడలేదు. పొద్దు ఉండగానే కాలువలో వదిలి, పసుపు అంటిన చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి ఆవుకు నీళ్లు పెట్టింది.

మంగళవారం పొద్దున్నే రాధమ్మ వచ్చింది. పూలు సిద్ధంగా ఉన్నాయని, జల్దీ రమ్మని, ఈసారి నడుం ఎత్తు పేర్చాలని వాకిట్లో నుంచే చెప్పింది. పని పురమాయించినట్టే చెప్పింది, ఎప్పుడూ అట్లాగే చెబుతుంది. ధనలక్ష్మి కుడితి కలుపుతూ లేవలేదు.

"నేను రాను ఒదినా. మా పండుగ నిన్ననే అయింది. సాగనంపినంక మల్ల పేర్చరు గద."

రాధమ్మకు మొదట అర్థం కాలేదు, తర్వాత నవ్వింది. "మీకు పండుగెక్కడిదే? అది ఎన్నడో పాయె గద."

ఆ మాటకు నా ఒళ్లు భగ్గుమంది. ఏదో అనబోయాను. అంతలో లోపలి నుంచి మా అత్త చేటతో సహా గడపలోకి వచ్చింది.

"పాయిన పండుగ నిన్న మా కొట్టంల ఈనింది రాధమ్మా. మా కోడలు బతుకమ్మ పెట్టింది, సాగనంపింది. మీది మీరు పేర్చుకోండ్రి."

కోడలి మీద ప్రేమతో అందని నేను అనుకోను. రాధమ్మ నవ్వు ఆమెకు తగిలింది, అంతే. నిన్న ఒక్క దీపం తెచ్చి పెట్టని మనిషి, చప్పట్లు వినపడుతున్నా మంచం దిగని మనిషి ఈరోజు గడపలో నిలబడి మాట్లాడితే నాకు సంతోషం కన్నా ఉక్రోషమే ఎక్కువ వచ్చింది. ఆ ముక్క నిన్న అంటే ధనలక్ష్మి అంత ఏడ్చేది కాదు కదా.

ఆ సాయంత్రం రాధమ్మ వాళ్ల బతుకమ్మ వీధి మలుపు తిరగకముందే ఒక పక్కకు ఒరిగింది. చేతులు అడ్డం పెట్టుకుని మోసుకుపోయారు. మేము అరుగు మీద కూర్చుని చూశాం. ధనలక్ష్మికి ఆగడం లేదు, ఆకులు కూరలేదు, నడుమ అదమలేదు అని లోపల లోపల గొణుక్కుంటోంది. అత్త ఊరి బతుకమ్మలన్నీ పోయేదాకా చూసి, కోడలి వంక చూడకుండా, బియ్యంలో రాళ్లు ఏరుతూనే అంది.

"వచ్చే ఏడు గునుగు మన వాకిట్లనే ఎండెయ్యి."

ధనలక్ష్మి రంగు ఇంకా వదలని చేతులను ఒళ్లో పెట్టుకుని, ఖాళీగా ఉన్న మా వాకిలి వంక చూస్తూ కూర్చుంది.